చక్కెర పూత శెనక్కాయలు: మా వంటింటి ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 14, ఆదివారం

చిన్నాన్న ఊరి నుంచి పది కిలోల శెనక్కాయ విత్తనాలు బస్సుకేసి పంపించాడు. పీలేరు దగ్గర మాకున్న కాస్త చేను ఆయనే చూసుకుంటాడు. ఇవి బోరు కింద వేసి వేసవిలో పీకినవి, రకం కదిరి 6. పోయినేడు ధరణి వేశాడు. అది ఇక్కడే మా తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన రకం. నాకు రెండింటికీ తేడా తెలియదు. అమ్మకు తెలుసు.

ఏటా వచ్చేవే ఇవి. సగం చట్నీకి పోతాయి, కొన్ని వేయించుకుని తింటాం, మిగిలినవి సంక్రాంతి నాటికి పాత నూనె వాసన కొడతాయి. గింజలో దాదాపు సగం నూనే కదా, వేడీ గాలీ తగిలితే ఎన్నాళ్ళు ఆగుతుంది?

ఈసారి వాటితో ఒక పని పెట్టుకున్నాను. పోయిన నెల ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళినప్పుడు ఒక మాల్‌లో చక్కెర పూసిన బాదంపప్పు కాగితం పొట్లాల్లో అమ్ముతున్నారు. గుప్పెడు పప్పుకు రెండు వందల యాభై. రైలెక్కి తింటూ కూర్చుంటే అరక్కోణం రాకముందే పొట్లం ఖాళీ. ఇంటికొచ్చి ధర చెబితే మా ఆవిడ, "ఆ డబ్బుకు మీ ఊళ్ళో కిలోన్నర విత్తనాలు వస్తాయి" అంది. ఆ మాట పట్టుకుంది నన్ను.

దీపావళి అక్టోబరు 20న. అంటే ఐదు వారాలు. స్వీటు బాక్సులకు బదులు పదిహేను ఇళ్ళకు తలా రెండు వందల గ్రాముల చక్కెర పూత శెనక్కాయలు ఇవ్వాలి. మూడు రుచులు అనుకున్నాను: చింతపండు కారం, ఫిల్టర్ కాఫీ, పచ్చకర్పూరం. మొదటిది మా జిల్లా నాలుకకు, రెండోది మద్రాసు పక్కనే ఉన్నందుకు, మూడోది తిరుపతిలో ఉన్నందుకు.

ఇవాళ మధ్యాహ్నమంతా ఏరడమే సరిపోయింది. అమ్మ చేట పట్టుకుని కూర్చుంది. ముడతలు పడ్డవి, రంగు మారినవి, నల్ల మచ్చ ఉన్నవి, బూజు ఆనవాలు ఉన్నవి పక్కకు. నేను "అంత పట్టుదల ఎందుకమ్మా, చక్కెర కింద ఏం కనపడుతుంది" అన్నాను. తర్వాత ఆలోచిస్తే, కనపడదు కాబట్టే ఏరాలి. బూజు పట్టిన శెనక్కాయలో ఆఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. కాయ నేలలో ఉండగా చివర్లో బెట్ట తగిలినా, పీకాక సరిగ్గా ఎండకపోయినా ఆ బూజు పడుతుంది. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. పది కిలోలకు మూడు వందల గ్రాములు తీసి పారేశాం.

సాయంత్రం మొదటి వాయి. బాణలిలో చక్కెర కరిగించి, బంగారు రంగు వచ్చాక వేయించిన గింజలు పోసి కలిపాను. అర నిమిషంలో మొత్తం ఒకటే గడ్డ. అట్లకాడ అందులో నిలబడిపోయింది. వచ్చింది చిక్కీ. అదీ మాడిన చిక్కీ. పాప ఒక ముక్క నోట్లో పెట్టుకుని నా వైపు జాలిగా చూసింది.

సెప్టెంబరు 16, మంగళవారం

పద్ధతి మార్చాను. చక్కెర ముందు కరిగించడం కాదు. పచ్చి గింజలు, చక్కెర, నీళ్ళు మూడూ ఒకేసారి బాణలిలో పోసి పొయ్యి మీద పెట్టాలి. కొలత: గింజలు 250 గ్రాములు, చక్కెర 125, నీళ్ళు 80 మిల్లీలీటర్లు. పొట్టు తియ్యకూడదు. పొట్టు గరుగ్గా ఉంటుంది, చక్కెర దాన్ని పట్టుకుంటుంది. నున్నటి పప్పు మీద జారిపోతుంది.

నీళ్ళు మరిగాయి, నురగ వచ్చింది, పాకం చిక్కబడింది. పెద్ద పెద్ద బుడగలు. కలుపుతూనే ఉన్నాను. ఎనిమిదో నిమిషంలో ఏమైందో ఏమో, చూస్తూ చూస్తుండగానే పాకం మొత్తం తెల్లగా ఇసుకలా అయిపోయింది. గింజల మీద సగం, బాణలి అడుగున సగం. పాడైందనుకుని పొయ్యి ఆపేశాను.

అమ్మ వచ్చి తొంగి చూసింది. "బాగానే ఉంది గదరా. గవ్వలకు పట్టే పాకం ఇది."

నిజమే. చిన్నప్పటి నుంచి తింటున్న తీపి గవ్వల మీద తెల్లటి పూత ఇదే. పాకం పట్టి, గవ్వలు వేసి, గరిటెతో తిప్పుతూ ఉంటే ఆరేకొద్దీ తెల్లగా పొడిపొడిగా పూత కడుతుంది. రెండు రోజులుగా ఇదేదో విదేశీ విద్య అనుకుంటూ ఉన్నాను.

తిన్నాను. తియ్యగా ఉంది, కానీ గింజ లోపల ఇంకా పచ్చి.

సెప్టెంబరు 21, ఆదివారం

మా వీధి చివర టీ అంగడి దగ్గర సాయంత్రాలు కూర్చునే ఒక మిఠాయి మాస్టరు ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు స్వీటు అంగళ్ళలో పొయ్యి ముందు నిలబడి ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో మానేశాడు. డబ్బాలో నాలుగు గింజలు వేసుకెళ్ళి చూపించాను. ఒకటి కొరికి ఉమ్మేశాడు.

"సగంలో దించేసినావు సామీ."

"ఇసుక కట్టింది కదన్నా, అయిపోయిందనుకున్నా."

"ఇసుక కట్టినాక గదా అసలు పని. మంట తగ్గించి తిప్పతా ఉండు. ఆ ఇసుక మళ్ళా కరగతాది. గింజ అప్పుడే వేగతాది."

ఇంటికొచ్చి అలాగే చేశాను. ఇసుక కట్టాక మంట బాగా తగ్గించి, అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉంటే ఐదారు నిమిషాలకు అంచుల్లో చక్కెర కరిగి తేనె రంగుకు తిరుగుతుంది. ఆ కరిగింది గింజల మీద పూతలా చుట్టుకుంటుంది. గింజలు చిటపటమంటాయి, పొట్టు కింద వేగుతున్నాయని గుర్తు. మొత్తం కరగనివ్వకూడదు. సగం మెరుపు, సగం ఇసుక గరుకు ఉండగా దింపితే నోట్లో రెండూ తెలుస్తాయి. మొత్తం కరిగితే మళ్ళీ చిక్కీనే.

పచ్చి గింజలతోనే మొదలుపెట్టడం ఎందుకో కూడా తెలిసింది. ముందే వేయించిన గింజలు వేస్తే, చక్కెర రెండోసారి కరిగేలోపు గింజ మాడి చేదెక్కుతుంది. పోయిన ఆదివారం నాటి మాడు వాసనలో సగం పాపం అదే.

ఉత్సాహం ఎక్కువై కిలో గింజలు ఒకేసారి పోశాను. అడుగున మాడింది, పైన తడి తడిగా ఉంది, మధ్యలో ఇసుక. మాస్టరుకు చెబితే నవ్వాడు. "నీ బాణలి ఎంత, నీ చెయ్యి ఎంత? అంగట్లో మేము కిలో చేసేటప్పుడు బాణలి ఇంత" అని రెండు చేతులూ చాపాడు. ఇక నుంచి పావు కిలో వాయిలే. మూడు కిలోలకు పన్నెండు వాయిలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. సరే.

ఇంకో సంగతి. ఆన్‌లైన్‌లో ఒక వంట థర్మామీటరు తెప్పించాను. మరుగుతున్న నీళ్ళలో ముంచితే 93 చూపించింది. తిరుపతి ఏమన్నా ఊటీనా? సముద్ర మట్టం నుంచి నూట అరవై మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు దాదాపు నూరు డిగ్రీలకే మరగాలి. డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే ఇంకా జవాబు లేదు. దాన్ని సొరుగులో పడేసి అమ్మ పద్ధతికి వచ్చాను. రెండు వేళ్ళ మధ్య తీగ సాగితే 105 దాటినట్టు. చల్లటి నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కడితే 115 దగ్గర. ఆ ఉండ పళ్ళానికేసి కొడితే ఠంగుమంటే 150 దగ్గర. మన శెనక్కాయలు ఇసుక కట్టేది ఉండ పాకం దాటాక కొంచెం సేపటికి.

సెప్టెంబరు 24, బుధవారం

కాఫీ. కొండ మీద బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి, ఊళ్ళో ఎక్కడ చూసినా జనం, ఆఫీసు నుంచి ఇంటికి రావడానికే గంట పట్టింది. తొమ్మిదింటికి పొయ్యి వెలిగించాను.

నీళ్ళకు బదులు చిక్కటి డికాక్షన్ 80 మిల్లీలీటర్లు పోశాను. అంతే మార్పు. చికోరీ కలిపిన పొడిదే, మా ఇంట్లో రోజూ తాగేది. ఇసుక కట్టడానికి కాస్త ఆలస్యమైంది, పది నిమిషాల పైన పట్టింది. కానీ కట్టింది. దింపాక చిటికెడు ఉప్పు. రంగు నల్లటి చాక్లెట్‌లా, వాసన పొద్దున ఆరింటికి మా వంటింటి వాసన. రెండోసారి కరిగించేటప్పుడు జాగ్రత్త, అసలే నలుపు కాబట్టి మాడుతున్నదీ లేనిదీ కంటికి తెలియదు. ముక్కుతోనే చూసుకోవాలి.

ఇది పాసైంది. ఇంకేం రాయడానికి లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

నేను అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది చింతపండు కారం మీద. చింతపండు గుజ్జు చిక్కగా తీసి, నీళ్ళలో కలిపి, ఎండుమిరపకాయల పొడి, ఉప్పు, ఇంగువ వేసి కాఫీ వాయి లాగే మొదలుపెట్టాను.

ముందు మిరప్పొడి ఘాటు. పాకం వేడెక్కేకొద్దీ ఇల్లంతా కోరు. పాప దగ్గు, అమ్మ దగ్గు, పై వాటాలో వాళ్ళు కిటికీ మూసిన చప్పుడు. అదొక గొడవ. అసలు గొడవ వేరే. పదిహేను నిమిషాలైనా పాకం ఇసుక కట్టలేదు. తిప్పాను, తిప్పాను, మణికట్టు నొప్పి పుట్టింది. చిక్కటి ఎర్రటి బంకలాగే ఉంది. చివరికి నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి విడదీద్దామని చూస్తే వేళ్ళకు అంటుకుని చూపుడు వేలు కాలింది. ఆరాక కూడా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

రుచి మాత్రం అదిరింది. అదే బాధ.

రెండో వాయికి చింతపండు సగానికి తగ్గించాను. అదే బంక. మూడో వాయికి చక్కెర పెంచాను. అదే బంక, కాస్త ఎక్కువ. ఇవాళ ముప్పావు కిలో గింజలు బంకపాలయ్యాయి.

అక్టోబరు 2, గురువారం, దసరా

పండగ కాబట్టి ఇవాళ ప్రాజెక్టుకు సెలవనుకున్నాను. అమ్మ గులాబ్ జామూన్ చేస్తోంది. పాకం మరుగుతుంటే సగం నిమ్మకాయ తీసుకుని అందులో పిండింది.

"తియ్యటి దాంట్లో నిమ్మకాయ ఎందుకమ్మా?"

"పిండకపోతే తెల్లారేసరికి పాకం అడుగున చక్కెర పలుకులు కట్టి కూర్చుంటాది."

అన్నాక తనే ఆగిపోయింది. నేను కూడా. ఇద్దరం ఒకేసారి ఫ్రిజ్ మీద ఉన్న చింతపండు బంక డబ్బా వైపు చూశాం.

ఇన్ని రోజులూ జవాబు మా ఇంట్లోనే ఉంది. పులుపు తగిలిన పాకం పలుకు కట్టదు. పులుపూ వేడీ కలిస్తే చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. పలుకు కట్టాలంటే ఒకే రకం చక్కెర వరసగా పేర్చుకోవాలి. మధ్యలో ఈ రెండూ దూరితే వరస కుదరదు. జామూన్‌కు కావలసింది సరిగ్గా అదే, పాకం పాకంలా ఉండాలి. నాకు కావలసింది దానికి తలకిందులు. చింతపండు అంటేనే టార్టారిక్ ఆమ్లం. దాన్ని గుజ్జు గుజ్జుగా పోసి, పావుగంట మరగబెట్టి, ఇసుక ఎందుకు కట్టలేదా అని తల పట్టుకున్నాను.

బెల్లం సంగతి కూడా దీంతోనే తెలిసిపోయింది. మధ్యలో ఒకరోజు (రాయలేదు, సిగ్గేసింది) పూర్తిగా బెల్లంతో చేసి చూస్తే అది కూడా ఇసుక కట్టలేదు. చిత్తూరు బెల్లం, మంచి వాసన, అయినా చిక్కీ బంకే. బెల్లంలో ఆ గ్లూకోజు, ఫ్రక్టోజు ముందు నుంచే ఉంటాయి. అందుకే శెనక్కాయ చిక్కీకి బెల్లం అంత బాగా కుదురుతుంది, గవ్వల మీద తెల్ల పూతకు చక్కెరే కావాలి. ఈ రెండూ చిన్నప్పటి నుంచి తింటున్నా ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మూడు వంతుల చక్కెరకు ఒక వంతు బెల్లం వేస్తే మాత్రం కడుతుంది. సాయంత్రం సెలవు రద్దు చేసుకుని చూశాను. ఇసుక లేత గోధుమ రంగులో వస్తుంది, వాసన అరిసెల పాకంలా ఉంటుంది. దీనికి సొంఠి, మిరియాల పొడి బాగుంటుంది. లెక్కలో లేని నాలుగో రుచి.

అక్టోబరు 5, ఆదివారం

పులుపు గిన్నెలో వెయ్యకూడదు, దింపాక పైన చల్లాలి. అదీ పొడిగా ఉండాలి. చింతపండును పొడి చెయ్యడం నా వల్ల కాలేదు. మిక్సీలో జీడిలా చుట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చాయి మామిడి ఒరుగులు.

మే నెలలో మా మిద్దె మీద అమ్మ పుల్లటి కాయలు ముక్కలు కోసి ఎండబెట్టి దాచింది, పప్పులోకి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉండి పులుపుకు చింతపండే దిక్కనుకున్న నన్ను ఏమనాలి? వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బెంగళూరా కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడతాయి మా దగ్గర. ఒరుగులు ఒక గంట ఎండలో పెట్టి మిక్సీ పడితే బూడిద రంగు మెత్తటి పొడి వచ్చింది. నాలుక మీద పెట్టుకుంటే దవడలు గుంజాయి.

పొడి లెక్క, పావు కిలో గింజలకు: ఒరుగు పొడి రెండు చెంచాలు, ఎండుమిరప పొడి ఒకటి, వేయించిన జీలకర్ర పొడి అర చెంచా, ఉప్పు అర చెంచా, ఇంగువ చిటికెడు.

ఎప్పుడు చల్లాలన్నదే తేల్చుకోవలసి వచ్చింది. పొయ్యి మీదే చల్లితే కారం మాడి మళ్ళీ ఇల్లంతా దగ్గు. పూర్తిగా ఆరాక చల్లితే పొడి పట్టదు, డబ్బా అడుగున చేరుతుంది. పొయ్యి ఆపి, బాణలి కిందికి దించి, ముప్ఫై దాకా లెక్కపెట్టి చల్లి తిప్పితే సరిగ్గా పట్టింది. అప్పటికి పూత ఇంకా కొంచెం జిగటగా ఉంటుంది, కారం మాడేంత వేడి ఉండదు.

మాస్టరుకు తీసుకెళ్ళాను. ఒకటి తిన్నాడు, మాట్లాడలేదు. ఇంకోటి తిన్నాడు. తర్వాత డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టి తన సంచిలో వేసుకున్నాడు.

అక్టోబరు 8, బుధవారం

పచ్చకర్పూరం. తీర్థం తీసుకున్నప్పుడు గొంతులో చల్లగా తగిలేది. గుడి దగ్గర అంగట్లో చిన్న సీసా కొన్నాను. హారతి కర్పూరం కాదు, తినేదేనా అని రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నా. ఒకటనుకుని ఇంకోటి వేస్తే ప్రమాదం.

మొదటి వాయి: పాకంలోనే వేశాను. ఇల్లంతా గర్భగుడి వాసన. పక్కింటి పెద్దావిడ "ఏం పూజ?" అని అడిగింది. గింజల్లో మాత్రం వాసన సున్నా. కర్పూరం వేడికి ఆవిరై గాలిలో కలిసిపోయింది. గింజలకు తప్ప అందరికీ ప్రసాదం దక్కింది.

రెండో వాయి: కారం పొడి లాగే దించాక చల్లాను. శెనగ బద్దంత. ఒక్కటి తిని నీళ్ళ కోసం పరుగెత్తాను, అంత చేదు. మా ఆవిడ "బీరువాలో పట్టు చీరల మధ్య పెట్టుకోండి" అంది.

మూడోది: గింజలు మామూలుగా యాలకుల పొడితో చేసి పూర్తిగా ఆరబెట్టాను. రెండు చెంచాల పొడి చక్కెరలో బియ్యపు గింజలో సగమంత పచ్చకర్పూరం వేసి నూరాను. ఆ పొడి గింజల మీద చల్లి, స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున మూత తీస్తే సన్నటి వాసన. నోట్లో వేసుకుంటే ముందు తీపి, యాలకులు, ఆఖర్న గొంతులో చల్లదనం. ఇది కూడా పాసే, కానీ అందరికీ నచ్చదు. పాపకు నచ్చలేదు.

వంటింటి తలుపు వెనక పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను: కాఫీ, సొంఠి, మిరియం పొయ్యి మీద. ఉప్పు దించాక. పులుపు, కారం దించాక ముప్ఫై లెక్కకు. కర్పూరం చల్లారాక.

అక్టోబరు 11, శనివారం

జీడిపప్పు కూడా చేద్దామన్నది మా ఆవిడ కోరిక, వాళ్ళ అన్నయ్య వాళ్ళకు ఇవ్వడానికి. జీడిపప్పు నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. ఇసుక కట్టినట్టే కట్టి, డబ్బా కదిపితే పూత రాలిపోయింది.

బయట దేశాల్లో దీనికి కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పప్పుకు పట్టించి, పైన చక్కెర మసాలా దొర్లించి ఓవెన్‌లో పెడతారు. మా ఇంట్లో గుడ్డు రాదు. గుడ్డుకు బదులు శెనగలు ఉడికించిన నీళ్ళు వాడొచ్చని విన్నాను. సాయంత్రానికి గుగ్గిళ్ళు చేయించి, ఆ నీళ్ళు ఇంకాస్త మరిగించి చిక్కబరిచి, చల్లార్చి గిలక్కొడితే నిజంగానే తెల్లటి నురగ వచ్చింది. అమ్మ నమ్మలేదు, గిన్నె తలకిందులు చేసి చూసింది. జారలేదు.

రెండు చెంచాల నురగ, వంద గ్రాముల జీడిపప్పు, నలభై గ్రాముల చక్కెర పొడి, మిరియాలు, ఉప్పు. చిన్న ఓవెన్‌లో 150 డిగ్రీల మీద పాతిక నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. పలచటి పూత, గుల్లగా వచ్చింది. బాగుంది, కానీ మెరుపు లేదు. మంచి సంగతి ఏంటంటే గుగ్గిళ్ళు కూడా ఉన్నాయి.

అక్టోబరు 15, బుధవారం

వాన. మా వైపు అసలు వాన ఇప్పుడే, ఈశాన్య రుతుపవనాల్లో. రెండు రోజులుగా తడి బట్టలు ఆరడం లేదు. నిన్న చేసిన రెండు వాయిలు పళ్ళెంలో ఆరబెట్టి ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి జిగటలు. పులుపు చల్లినవి, బెల్లం కలిపినవి ముందు తడిసిపోయాయి, కాఫీవి కాస్త ఆగాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు తేమను చక్కెర కంటే ఎక్కువగా లాక్కుంటాయి. ఒరుగు పొడి కూడా తడి పీల్చేదే.

జిగటలు అయినవాటిని ఓవెన్‌లో 120 డిగ్రీల మీద పది నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్ళీ కరకరలాడాయి. ఇక నుంచి ఆరబెట్టడాలు లేవు. చెయ్యి పెట్టగలిగేంత వేడి తగ్గగానే నేరుగా డబ్బాలోకి. ప్లాస్టిక్ కవర్లు మానేసి సీసాలు కొనాలి. బడ్జెట్ పెరిగింది.

అక్టోబరు 18, 19

రెండు రోజులూ పొయ్యి దగ్గరే. వాయి మీద వాయి. మా ఆవిడ తూకం, అమ్మ ఏరడం, నేను తిప్పడం, పాప మూతలకు చీటీలు అంటించడం. చీటీలో "కారం కారం" అని తనే రాసింది, ఒకటికి రెండుసార్లు, ఎందుకంటే చాలా కారమట.

తుది లెక్క: మామిడి ఒరుగు కారం ఐదు వాయిలు, కాఫీ నాలుగు, బెల్లం సొంఠి రెండు, పచ్చకర్పూరం ఒకటే. ఒక కాఫీ వాయి మాడింది, ఫోనొచ్చి మాట్లాడుతుంటే. మళ్ళీ చేశాను. కుడి చెయ్యి భుజం దాకా పట్టేసింది.

అక్టోబరు 22, బుధవారం

పదిహేను ఇళ్ళకూ చేరాయి. కాఫీ బాగుందన్నవాళ్ళు ఎక్కువ. రెండోసారి అడిగింది మాత్రం అందరూ మామిడి కారమే. పక్కింటి పెద్దావిడ ఖాళీ సీసా తిరిగి ఇవ్వకూడదని దాన్నిండా మురుకులు పోసి పంపింది. వేలూరులో ఉన్న అక్క మూత సరిగ్గా పెట్టక గింజలన్నీ ముద్దయ్యాయని ఫోన్ చేసింది. ఓవెన్ లేదంటే, దోసె పెనం మీద సన్న సెగన తిప్పమని చెప్పాను. పని చేసిందట. పచ్చకర్పూరం సీసా తీసుకున్న మా ఆఫీసు సారు దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

థర్మామీటరు డబ్బులు ఇంకా రాలేదు.

విత్తనాలు ఇంకా నాలుగు కిలోల పైనే ఉన్నాయి. రాత్రి చిన్నాన్న ఫోన్ చేశాడు. ఇంకో రెండు వారాల్లో వానకు వేసిన చేను పీకుతారట, ఈసారి ఎన్ని పంపమంటావని అడిగాడు. నేను "ఇరవై కిలోలు పంపు చిన్నాన్నా" అంటుండగానే అమ్మ ఫోన్ లాక్కుంది.

"పచ్చి కాయలు పంపు నాయనా, ఉడకేసుకుని తింటాం. వీని చేతికి మాత్రం ఇయ్యొద్దు."